భద్రమ్మ అడిగిన ఒక్క ముచ్చట

భద్రమ్మకు ఉన్నది ఒకటే అలవాటు. అడుగుతుంది. మామూలు మనుషులు తెలియనిది అడుగుతారు, అవసరమైంది అడుగుతారు, ఎప్పుడైనా ఊసుపోక అడుగుతారు. భద్రమ్మ ఊపిరి పీల్చినట్టు అడుగుతుంది. "ఒక్క ముచ్చట అడుగుత" అని మొదలుపెడుతుంది. కోస్గి చుట్టుపక్కల పల్లెల్లో ఆ మాట చెవిన పడితే, అనుభవమున్నవాళ్లు ముందు చేతిలో పని పక్కన పెట్టేస్తారు. ఎట్లాగూ ఆ పూటకు అది సాగదని వాళ్లకు తెలుసు.

ఆమె భర్త మల్లప్పకు ఈ సంగతి పెళ్లిచూపుల నాడే అర్థమైంది. పెద్దలు పిల్లను పేరడిగారు. పిల్ల పేరు చెప్పి, "ఒక్క ముచ్చట అడుగుత" అంది. మీ మందలో గొర్లెన్ని, మేకలెన్ని, మేకలు తక్కువెందుకున్నాయి, మీ ఊరి బావి నీళ్లు ఉప్పా తీపా, అత్తకు కోపమొస్తే తిడుతుందా అలుగుతుందా, అలిగితే ఎన్ని రోజులు? పెద్దలు పైకండువాలతో చెమట తుడుచుకుంటుంటే, చివరికి మల్లప్ప వైపు తిరిగి "గీ పిలగానికి మాటలొస్తయా?" అంది.

"ఆఁ" అన్నాడు మల్లప్ప.

అది ఆ ప్రశ్నకు జవాబు. పెద్దలు దాన్ని పెళ్లికి ఒప్పుకోవడం అనుకుని గబగబా తాంబూలాలు మార్చుకున్నారు. తర్వాత ముప్పై ఏళ్లలో మల్లప్పకు అంతకంటే పొడుగు మాట అవసరం పడలేదు.

పంతొమ్మిదివందల అరవై ఒకటిలో జనాభా లెక్కలు వచ్చాయి. బుచ్చయ్య పంతులు పెద్ద కాగితం పట్టుకుని వీళ్ల గుడిసె ముందు కూర్చున్నాడు.

"ఇంట్ల ఎంతమందమ్మా?"

"గొర్లను కలిపా, ఇడిసా?"

"మనుషులనే."

"ఒక్క ముచ్చట అడుగుత పంతులూ. గొర్లను ఎందుకు లెక్కపెట్టరు? అయి సర్కారు గడ్డి తింటలెవ్వా? పోనీ, నిన్నెవరు లెక్కపెడ్తరు? నువ్వు ఊరూరు తిరుగుతుంటె, మీ ఇంటికి వచ్చినోడు నువ్వు లేవని రాసుకపోతె ఎట్ల?"

ఆ చివరి ప్రశ్న పంతులుకు గుండెలో గుచ్చుకుంది. ఆ భయంలో తన ఇంటి సంగతులన్నీ చెప్పుకున్నాడు. పెళ్లాం పేరు, నలుగురు పిల్లల పేర్లు, మోకాలి నొప్పి. సాయంత్రం పక్క ఊరికి పోయి కాగితం విప్పితే, మల్లప్ప ఇంటి వరసలో బుచ్చయ్య పంతులు కుటుంబం మొత్తం ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉంది. కొట్టేయడానికి వీల్లేని కాగితం. ఆ ఏడు మల్లప్ప గుడిసెలో, లెక్క ప్రకారం, మొగుడూ పెళ్లాలతో కలిపి ఎనిమిది మంది కాపురం చేశారు.

అరవై ఆరులో వానాకాలం వెళ్తుండగా మల్లప్ప కుడి దవడ లోపల పుండు లేచింది. ఇరవై ఏళ్లుగా పొగాకు నమిలి అదిమిపెట్టుకునే చోటే. పసరు పూశారు, పసుపు పెట్టారు. మానలేదు. కోస్గి డాక్టరు చూసి హైదరాబాదు పెద్ద దవాఖానకు చీటీ రాశాడు. అక్కడ చిన్న ముక్క కోసి పరీక్ష చేసి, రాచపుండు అని తేల్చారు.

మల్లప్పకు వార్డులో మధ్య మంచం ఇచ్చారు. ఎడమవైపు మంచం హుజూర్‌నగర్ నుంచి వచ్చిన వరి రైతు జానయ్యది. తెల్లకోటు కనబడితే చాలు, అతను చేతులు జోడించి కళ్లు మూసుకునేవాడు. కుడివైపు మంచం నకిరేకల్ దర్జీ ఖుద్దూస్‌ది. డాక్టరు ఆడమనిషి కావడంతో అతను ఏం చెప్పినా తన కాళ్లకే చెప్పేవాడు. ముగ్గురికీ జబ్బు నోట్లోనే. ముగ్గురికీ కరెంటు పెట్టాలన్నారు. కరెంటంటే తీగల కరెంటు కాదు. కంటికి కనబడని కిరణాలతో పుండును కాల్చే వైద్యం.

మూడోనాడు పొద్దున మంజులత డాక్టరమ్మ ఒక కాగితంతో వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో, పుస్తకాల భాష ఇంకా పోలేదు. "యాదృచ్ఛికంగా విభజించబడిన రోగుల తులనాత్మక పరిశీలన" అంటూ చదివింది. జానయ్య కళ్లు మూసుకునే వేలిముద్ర వేశాడు. ఖుద్దూస్ తలెత్తకుండా ఉర్దూలో సంతకం పెట్టాడు. నర్సు మల్లప్ప బొటనవేలికి సిరా పూసింది. వేలు కాగితానికి జానెడు దూరంలో ఉండగా భద్రమ్మ గొంతు వినబడింది.

"ఆగు. ఒక్క ముచ్చట అడుగుత."

మల్లప్ప వేలు గాలిలోనే ఆపాడు.

"గిండ్ల ఏం రాసున్నది డాక్టరమ్మా?"

"కొత్త మందును పరీక్ష చేస్తున్నాం. మీ ఆయన అందులో చేరతారా అని అడుగుతున్నాం."

"అడుగుతున్నరా, చెప్తున్నరా?"

"అడుగుతున్నాం."

"వద్దంటె మంచం ఖాళీ జెయ్యమంటరా?"

"అనం. అందరికీ పెట్టే కరెంటు ఈయనకూ పెడతాం."

"ఇయ్యాల సరేనని ఎల్లుండి వద్దంటె?"

"అప్పుడూ మానుకోవచ్చు. ఎందుకని కూడా అడగం."

"ఎందుకడగరు?" అంది భద్రమ్మ నోరు తెరిచి. ఎందుకని అడగకుండా ఉండగల మనుషులు లోకంలో ఉన్నారన్న సంగతి ఆమె నమ్మలేకపోయింది. కొంచెం తేరుకుని, "గా మందు ముందుగాల ఎవరికిచ్చిన్రు?" అంది.

"ఎలుకలకు."

"ఎలుకలు పొగాకు నములుతయా?"

"లేదమ్మా. వాటికి జబ్బు మేమే తెప్పిస్తాం."

"మీరే తెప్పిచ్చి, మల్ల మీరే తగ్గిస్తరా?"

"అవును."

"గా ఎలుకలు ఏలుముద్ర లేసినయా?"

నర్సు చేతిలో సిరా పెట్టె జారి దుప్పటి మీద పడింది. మల్లప్ప వేలు ఆరిపోయిందని మళ్లీ పూశారు.

"తర్వాత కొద్దిమంది మనుషులకు ఇచ్చి, ఎంతవరకు తట్టుకుంటారో చూశాం" అంది డాక్టరమ్మ. ఇప్పుడు ఆమె కాగితం చూడటం మానేసింది. "ఇక తేలాల్సింది ఒకటే. కరెంటు ఒక్కటే పెడితే మంచిదా, దాంతోపాటు ఈ కొత్త సూది కూడా ఇస్తే మంచిదా?"

"ఏది మంచిది?"

"తెలియదు."

"నీకు తెల్వదా, ఎవరికీ తెల్వదా?"

"ఎవరికీ తెలియదు."

"ఎన్నేండ్లు సదివినవ్ బిడ్డా?"

"పద్దెనిమిది."

"గన్నేండ్లు సదివిచ్చిన మీ నాయినకు గీ సంగతి ఎరుకేనా?"

"ఎరుక లేదు. చెప్పకండి" అంది డాక్టరమ్మ. ఆ వార్డులో ఆమె నవ్వడం అదే మొదలు. మళ్లీ సర్దుకుని చెప్పింది. "సూది మేలు చేయొచ్చు, ఏమీ చేయకపోవచ్చు. వాంతులు రావచ్చు, నోరు ఇంకా పూయొచ్చు, ఒంట్లో రక్తం తగ్గొచ్చు. అట్లా అయితే ఆపేస్తాం. సగం మందికి సూది ఉంటుంది, సగం మందికి ఉండదు. ఎవరికేదో అంటించిన కవరులో చీటీ ఉంటుంది."

"చీటి నేను తీస్త. నాది మంచి చెయ్యి."

"మీరూ తీయకూడదు, నేనూ ఏరకూడదు."

"ఎందుకు?"

డాక్టరమ్మ ఎందుకో చెప్పడానికి మూడుసార్లు ప్రయత్నించింది. మూడుసార్లూ పుస్తకమే బయటికొచ్చింది. భద్రమ్మ చెయ్యి అడ్డంపెట్టింది.

"ఆగాగు. మందల పారుడు రోగమొచ్చింది. నా తాన కొత్త పసరున్నది. బలిసిన గొర్లను ఏరి తాపిచ్చిన, బక్కయాటిని ఇడిసిపెట్టిన. బలిసినయి బతికినయి. గప్పుడు పసరు గొప్పదా, గొర్రె గొప్పదా?"

"ఎట్లా తెలుస్తుంది?"

"తెల్వది! గందుకె కండ్లు మూసుకొని పంచాలె. మీరు జేసేది గదేనా?"

"అదే" అంది డాక్టరమ్మ, మంచం అంచున కూలబడి. "దానికి నేను రెండు పేజీలు రాశాను."

మల్లప్ప వేలు రెండోసారి ఆరింది. మూడోసారి సిరా పూస్తుండగా భద్రమ్మ, అదే గొంతుతో, బావి నీళ్లు ఉప్పా తీపా అన్నట్టే అడిగింది.

"గీ మనిషి బతుకుతడా?"

నెల రోజులుగా ఆ ప్రశ్న మల్లప్ప లోపలే ముల్లులా ఉంది. ఎవరైనా అడిగితే బాగుండునని ఉంది, అడగకుంటేనే బాగుండునని ఉంది.

"బతికినవాళ్లు చాలామంది ఉన్నారు. బతకనివాళ్లూ ఉన్నారు" అంది డాక్టరమ్మ. "పుండు చిన్నగా ఉన్నప్పుడే వచ్చారు, అది మంచిది. అంతకుమించి ఈ రోజు చెప్తే అబద్ధమవుతుంది."

భద్రమ్మ కాసేపు ఏమీ అడగలేదు. పెళ్లయ్యాక ఆమె అంతసేపు ఊరుకోవడం మల్లప్ప చూడలేదు. తర్వాత కొంగు దులుపుకుని, "బువ్వ మెత్తగ పెట్టాల్నా, గట్టిగ పెట్టాల్నా?" అంది. మల్లప్ప ఊపిరి వదిలాడు.

"మరి చేరుతవా?" అని అతన్ని అడిగింది.

"ఆఁ."

"గిది పెండ్లిసూపుల ఆఁనా, నిజం ఆఁనా?"

"నిజం" అన్నాడు మల్లప్ప, వేలు అదిమి.

మర్నాడు కవరు విప్పారు. మల్లప్పకు కరెంటు ఒక్కటే వచ్చింది, జానయ్యకు సూది కూడా వచ్చింది. ఖుద్దూస్‌కూ సూదే.

"గెలిసినమా, ఓడినమా?" అంది భద్రమ్మ.

"ఇప్పుడే తెలియదమ్మా. ఏళ్లు పడుతుంది."

"ఇదేం ఆటనె తల్లీ!"

అక్కడితో అయిపోతే బాగుండేది. మూడోనాడు డాక్టరమ్మ రాగానే భద్రమ్మ జానయ్య మంచం కాళ్ల దగ్గర నిలబడి, "ఒక్క ముచ్చట అడుగుత. గా సూదితోని ఏమేమైతది?" అంది.

"మొన్ననే చెప్పాను కదమ్మా!"

"మతికి లేదు. మల్ల చెప్పు. పెద్దగ చెప్పు."

డాక్టరమ్మ మళ్లీ చెప్పింది. మల్లప్పకు దిగులు పట్టుకుంది. పెళ్లిలో తన అమ్మ ఆమె విస్తరిలో ఎన్ని కూర ముక్కలు వేసిందో ఈనాటికీ చెప్పగల మనిషి, మొన్నటి మాట మరిచిపోయిందా? జబ్బు తనకొస్తే మతి ఆమెకు పోతోందా?

"ఇంకొక్కటి" అంది భద్రమ్మ. "సూది నడుమ వారం ఆపి, వరి కోతలకు ఇంటికి పోయి రావొచ్చునా?"

మల్లప్ప ఉలిక్కిపడ్డాడు. వరి? తనకు భూమే లేదు. ఉన్నవి గొర్రెలు. గొర్రెలకు వరి కోతలతో పనేముంది?

"వారం ఆపకూడదు. కోతలకు ఇంకెవరైనా పోతే మంచిది. కానీ పోవాల్సివస్తే చెప్పండి, దారి చూద్దాం" అంది డాక్టరమ్మ. జానయ్య ఒక కన్ను తెరిచాడు.

ఆ మర్నాడు భద్రమ్మ ఖుద్దూస్ మంచం దగ్గరికి జరిగింది. మళ్లీ సూది ముచ్చట, మళ్లీ మతికి లేదు. చివర్లో, "డాక్టరమ్మా, వచ్చే నెల రంజాన్. సూది పడ్తున్నప్పుడు రోజా ఉండొచ్చునా?"

డాక్టరమ్మ ఆమె నుదుటి మీది రూపాయంత కుంకుమ బొట్టును చూసింది.

"మీరు రోజా ఉంటారా అమ్మా?"

"ఉంటె?"

"సూది వేసుకునేవాళ్లు మాటిమాటికీ నీళ్లు తాగాలి. ఉండకూడదు."

"మరి సూది ఇడిసిపెట్టి, ఒట్టి కరెంటు పెట్టిచ్చుకుంటె?"

"సూది మానొచ్చు, ఎవరూ ఏమనరు. కానీ కరెంటుతో కూడా నోరు ఎండుతుంది, ఉపవాసం మంచిది కాదు. బాగయ్యాక తీర్చుకోవచ్చంటారు కదా."

ఖుద్దూస్ తల కొద్దిగా, చాలా కొద్దిగా ఊపాడు. మొదటిసారి అతని చూపు కాళ్లను దాటి డాక్టరమ్మ చెప్పుల దాకా వచ్చింది. "సూది వద్దమ్మా" అన్నాడు చెప్పులతో. "కరెంటు సాలు."

"అట్లాగే" అంది డాక్టరమ్మ, పేరు పక్కన గీత పెట్టుకుని. ఎందుకని అడగలేదు. ఆ మధ్యాహ్నం కరెంటుకు అతని పేరే ముందు పిలిచారు.

డాక్టరమ్మ వెళ్లాక మల్లప్ప భార్యను దగ్గరికి పిలిచాడు. పుండుతో మాట్లాడటం కష్టమే, అయినా మాట్లాడాడు.

"నీకు గీ రోజాలేందే?"

"మెల్లగ!" అంది భద్రమ్మ. "గాయినకు డాక్టరమ్మ మొకం సూడనీకె సిగ్గు. గీయినకు భయం. తెల్లారందాక ఇద్దరు నాకే చెప్పుకుంటున్నరు. నేనేమన్న డాక్టర్నా?"

"మరి మతికి లేదంటివి."

"ఉన్నదంటె మల్ల చెప్తదా? నాకు సిగ్గులేదని ఊరంత అంటది గద. గది గిట్లన్న అక్కరకు రానీ."

మల్లప్ప గోడవైపు తిరిగి పడుకున్నాడు. నవ్వితే పుండు నొప్పి పెడుతుంది. అయినా దుప్పటి చాలాసేపు కదిలింది.

ఆరు వారాలు గడిచాయి. జానయ్య సూదికి వాంతులు చేసుకున్నాడు గానీ, తమ్ముణ్ని కోతలకు పెట్టి తను ఆగాడు. మల్లప్ప పుండు ఎండి మచ్చగా మిగిలింది, నాలుకకు రుచి మాత్రం పోయింది. మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకోవాలని చెప్పి పంపించారు. డాక్టరమ్మ ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్లకు కాగితం చదవడం లేదు. గొర్రెలతో మొదలుపెడుతోంది.

బయల్దేరే రోజు డాక్టరమ్మ, సంచి భుజానేసుకున్న భద్రమ్మను చూసి, అలవాటుకొద్దీ మంచం పక్కన నిలబడింది.

"ఇంకేమైనా అడగాలా అమ్మా?"

జానయ్య లేచి కూర్చున్నాడు. ఖుద్దూస్ చెవి ఇటు పెట్టాడు.

"ఒక్క ముచ్చట అడుగుత" అంది భద్రమ్మ. "పొద్దటి సంది మంచం మంచం తిరుగుతున్నవ్. తిన్నవా బిడ్డా?"

డాక్టరమ్మ గోడ గడియారం వైపు చూసింది. రెండయింది.

"లేదమ్మా."

"ఎందుకు తినలే? డబ్బ తెచ్చుకున్నవా? తెచ్చుకుంటె యాడున్నది? సల్లగైందా? ఎవరు వండిన్రు? రోజు గిట్లనేనా? మీ అమ్మకు ఎరుకేనా?"

డాక్టరమ్మ మల్లప్ప ఖాళీ చేసిన మంచం మీద కూర్చుని, ఒక్కొక్కదానికీ జవాబు చెప్పడం మొదలుపెట్టింది. నర్సు డబ్బా వెతకడానికి పరిగెత్తింది.

కోస్గి బస్సు రెండున్నరకు. మల్లప్ప నెత్తి మీది మూట మెల్లగా నేలకు దించి, రేపటి బస్సు ఎన్ని గంటలకని ఖుద్దూస్‌ను అడిగాడు.