నమ్మనని చెప్పడం నేర్పిన సారు

మా వీధి ఇంగ్లీషు సారు మంగళవారం పొద్దున పోయారు. ఏడ్చి ఊరుకుందామనుకున్నాను. కలం పట్టగానే ఆవేశం తన్నుకొచ్చింది. ఆయన గురించి చల్లగా రాయడం నా వల్ల కాదు!

మగ్గాల మీద బతికే ఇళ్ల పిల్లలకు ఈ దేశం నేర్పే ఇంగ్లీషు ఏమిటి? యస్ సార్, సారీ సార్, థాంక్యూ సార్. వంగడానికి పనికొచ్చే ఇంగ్లీషు! రిటైరయ్యాక మా కడప జిల్లా నేతపేటలో సారు తన వసారాలో ఊరికే నేర్పింది వేరు. 'నో వే!', 'కమాన్!', 'యూ మస్ట్ బి జోకింగ్!' నమ్మలేనప్పుడు ఇంగ్లీషువాళ్లు చనువుగా అనుకునే మాటలు. రోజూ పాఠం మధ్యలో తొణక్కుండా ఒక అబద్ధం చెప్పేవారు. నోరెత్తి కాదన్నవాళ్లు కూర్చోవచ్చు. తలూపినవాళ్లు నిలబడాలి.

"రేపట్నుంచి మనకు దినామూ నీళ్లొస్తాయంట" అన్నారొకరోజు. పక్కన కూర్చున్న నేను ఆశకొద్దీ తలూపాను. ఈ వయసులో గోడకానుకుని నిలబడ్డాను!

"పేపర్లకు రాస్తాండావు గదప్పా, నీకన్నా అనుమానం రావొద్దా?" అన్నారు సారు. పిల్లలు పడీపడీ నవ్వారు.

పోయినేడు ఒక అధికారి మా పేట బడిలో మా అందరినీ కూర్చోబెట్టాడు. ఈ బడి మూసి దూరపు బడిలో కలుపుతారట, రోజూ బస్సు పంపుతారట. పెద్దలందరం తలూపాం. సారు వసారాలో చదివే ఎనిమిదో తరగతి పిల్ల, ఒక నేతగాడి కూతురు, లేచి వినయంగా చేతులు కట్టుకుంది.

"యూ మస్ట్ బి జోకింగ్, సార్!"

ఆ కట్టుకున్న చేతులు, చివర ఆ 'సార్'! మా సీమ పిల్లలకే చెల్లింది.

అధికారి అక్కడే ఉన్న మా సారు మీద మండిపడ్డాడు. "ఇదేనా మీరు నేర్పింది?"

"మాట నేను నేర్పినా. చేతులు కట్టుకునేది మీరందరూ కలిసి నేర్పినారు" అన్నారు సారు. "బస్సు సంగతి కాయితం మీద రాసియ్యండి, మేమూ నమ్ముతాం."

అతను రాయలేదు. తలూపిన మేమంతా అప్పుడు లేచి కాదన్నాం. బడి ఈరోజుకీ మా పేటలోనే ఉంది!

"నమ్మేదానికి తల సాలు. నమ్మననేదానికి నోరు కావల్ల" అనేవారు సారు.

మంగళవారం ఆయన్ను ఆ వసారాలోనే పడుకోబెట్టాం. ఆ పిల్ల బడి బట్టల్లోనే పరుగెత్తుకొచ్చింది. ఏడవలేదు. ఎదురుగా నిలబడి చేతులు కట్టుకుంది.

"యూ మస్ట్ బి జోకింగ్, సార్" అంది మెల్లగా.

ఆ తర్వాత కూడా చాలాసేపు అలాగే నిలబడి ఉంది, కూర్చోమని ఆయనే చెప్పాలన్నట్టు.