పడవకు గడప

డెబ్బైల్లో ఒకసారి కంకిపాడు దగ్గర మా బస్సు టైరు పంక్చరైంది. నేను అనంతపురం వాణ్ణి. అంత నీరు కనిపించేసరికి ఉండబట్టలేక కాలువగట్టు దిగాను. బందరు నుంచి వచ్చిన చేపల వేట పడవొకటి అక్కడ కట్టేసి ఉంది. చేపలు పోసే చోట నవారు మంచం, పక్కన కిరసనాయిలు స్టవ్వు, పైన కొత్త రేకు కప్పు. అరవై దాటిన ఒకాయన తలుపు బిగిస్తున్నాడు.

"వేట మానేశానండి. ఇహ కాలవలెంట తిరుగుతా దీంట్లోనే కాపురం," అన్నాడు.

గట్టు మీద ఆయన భార్య అన్నం క్యారియరు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిణ్ణి లోపలికి పిలవరేమని అడిగాను.

"రాదండి. వేట పడవ ఆడోళ్లు ఎక్కకూడదు. ముప్పై ఏళ్లలో ఒక్కసారన్నా ఎక్కలేదు."

"ఇప్పుడిది ఇల్లే కదండీ?"

"నేనూ అదే చెబుతున్నా. వినదు."

ఆగలేక ఆవిణ్ణే అడిగాను.

"ఇల్లంటే గడపుండాలి కదండీ. దీనికేదీ?" అంది.

కాలికి తగులుతుందని ఆయన గడప పెట్టలేదట. "మరి నాతో చెప్పలేదేం?" అన్నాడు భార్యతో.

"నువ్వు అడిగితేగా."

ఆయన మిగిలిన టేకు చెక్క కొలిచి, కోసి, తలుపు కింద అడ్డంగా పెట్టి మేకులు కొట్టాడు. రోడ్డు మీద బస్సు హారన్ మోగుతున్నా నాకు కదలబుద్ధి కాలేదు.

ఆవిడ క్యారియరు నా చేతికిచ్చి, కొంగుముడి విప్పి పసుపు పొట్లం తీసింది. ఎన్నాళ్లుగా అందులో ఉందో, కాగితం మడతల దగ్గర చిరిగిపోయింది.