అక్క బల్ల పక్కన ప్రింటర్

ఆ రోజుల్లో రాయపూర్‌లో కంప్యూటర్ తెలిసినవాడికి దొరికిన మర్యాద ఇప్పుడు కంప్యూటర్ కనిపెట్టినవాడికి కూడా దొరకదనుకుంటాను. రాష్ట్రం కొత్తగా వచ్చింది, ఆఫీసులు కొత్తగా వచ్చాయి, ఆ ఆఫీసులకు అర్జీలు పెట్టుకునే కంపెనీలు అంతకంటే కొత్తగా వచ్చాయి. అర్జీలు కొట్టడానికి కంప్యూటర్లు కావాలి, అవి మొరాయిస్తే తట్టి లేపడానికి నాలాంటివాడు కావాలి. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఆరు నెలల హార్డ్‌వేర్ కోర్సు చేసి, జేబుకు పెన్నుకు బదులు స్క్రూడ్రైవర్ తగిలించుకుని తిరిగేవాణ్ణి. (పెన్నుతో నాకు అంతగా పడేది కాదని నా మార్కుల కాయితాలు చెబుతాయి.) నేను చెడ్డవాణ్ణి కానని, తెలివైనవాణ్ణని గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకం రెండు ముక్కల్లో ఒకటి మాత్రమే నిజమని తేలింది.

నన్ను ఉద్యోగంలో పెట్టించింది అక్క. సొంత అక్క కాదు. మా రెండు కుటుంబాలూ శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనుల కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయినవి, ఆ వరసన అక్క. దేవేంద్ర నగర్‌లో నీళ్ల పంపులు సరఫరా చేసే ఓ కంపెనీలో ఆమె హిందీ టైపిస్టు. యజమానిని అందరూ సేఠ్‌జీ అనేవారు. ఆయన దగ్గరికి వెళ్లి అక్క ‘మా తమ్ముడే’ అని ఒక్క మాట చెప్పింది, నన్ను తీసుకున్నారు. తాత్కాలికం. బావకి ఉర్లా వైపు ఓ మిల్లులో పని. ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఇల్లు నడిచేది అక్క జీతం మీద. ఇవన్నీ నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి వీల్లేకుండా ఉండాలని ముందే చెబుతున్నాను.

ఆఫీసులో ఎనిమిది కంప్యూటర్లు, ఒకే ఒక ప్రింటర్. ఆ ప్రింటర్ అక్క బల్ల పక్కన ఉండేది. ఎవరికి ఏ కాయితం కావాలన్నా ఫ్లాపీ పట్టుకుని అక్క దగ్గరికి రావలసిందే. అక్క ఫ్లాపీ పెట్టి, తెరిచి, ఓసారి చదివి, తప్పులు దిద్ది, ప్రింటు తీసి, పక్కనే ఉన్న జావక్ రిజిస్టర్‌లో నంబరు రాసి, కాయితం మీద ఆ నంబరు ముద్ర కొట్టి ఇచ్చేది. జావక్ అంటే బయటికి వెళ్లేది. ఆ నంబరు లేనిదే మా ఆఫీసులో ఏ కాయితమూ సేఠ్‌జీ సంతకానికి పోయేది కాదు. అక్క ముందు పొద్దున్నుంచీ ఫ్లాపీల వరస. నిలబడ్డవాళ్లంతా కబుర్లు చెప్పుకునేవారు, టీ తాగేవారు. సేఠ్‌జీకి ఆ దృశ్యం చూస్తే కడుపు మండేది. ఓ రోజు నన్ను పిలిచి, ఎవరి కుర్చీలోంచి వాళ్లు ప్రింటు ఇచ్చుకునేలా చేయగలవా అని అడిగాడు. “హో జాయేగా సార్,” అన్నాను, అయిపోతుందని. (ఆ మాట తప్ప వేరే మాట నా నోటి నుంచి వచ్చేది కాదు; తాజ్‌మహల్‌ని మా ఊళ్లోని టాటీబంధ్‌కి మార్చగలవా అన్నా అదే అనేవాణ్ణి.) “చేస్తే నిన్ను పక్కా చేస్తాను,” అన్నాడు సేఠ్‌జీ. పక్కా అంటే పర్మనెంటు. నా చెవులు అక్కడితో మూసుకుపోయాయి.

మూలన పడేసిన ఓ పాత కంప్యూటర్‌ని దులిపి, పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీలోంచి లినక్స్ ఎక్కించి దాన్ని సర్వర్‌గా నిలబెట్టాను. అందరూ ఫైళ్లు అందులోనే దాచుకోవాలి, అందరి ప్రింట్లూ అందులోంచే పోవాలి. చెప్పడానికి ఇంతే. చేయడానికి మూడు వారాలు పట్టింది. నాలుగు కంప్యూటర్లు విండోస్ తొంభై ఎనిమిదివి, మూడు ఎక్స్‌పీవి, ఒకటి కేటలాగులు తయారుచేసే బెంగాలీ దాదాది, యాపిల్‌ది. దాన్ని ఆయన ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. మిగతావాటిలో రెండింటికి ఒకే పేరు పెట్టి ఉండటంతో ఒకటి లేస్తే రెండోది కనిపించకుండా పోయేది. పాత వాటిలో పాస్‌వర్డ్ అడగ్గానే క్యాన్సిల్ కొట్టడం మా ఆఫీసు ఆచారం. క్యాన్సిల్ కొడితే కంప్యూటర్ తెరుచుకుంటుంది కానీ సర్వర్‌కి ఆ మనిషెవరో తెలియదు, లోపలికి రానివ్వదు. “నీ సర్వర్ నన్ను అవమానించింది,” అని బడే బాబు, అంటే మా హెడ్ క్లర్కు, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి, మరిచిపోకుండా గోడ మీది క్యాలెండర్ కింద పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. దాదా యంత్రం ఏ ఫోల్డర్‌లోకి వెళ్లినా తన గుర్తుగా చిన్న చిన్న ఫైళ్లు వదిలివచ్చేది. బడే బాబు వాటిని వైరస్ అనుకుని, రోజూ పొద్దున అగరబత్తి వెలిగించాక ఒక్కొక్కటే ఏరి తుడిచేసేవాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆ శుభ్రత మానలేదు.

ఇక అసలు పని అక్కతో. అక్క దగ్గర ఇన్నేళ్లుగా పోగైన ఉత్తరాల నమూనాలు ఉండేవి. టెండర్‌కి ఒకటి, జాప్యానికి క్షమాపణ ఒకటి, ఆ క్షమాపణకి జవాబు రాకపోతే ఇంకొకటి. ఏ ఆఫీసర్‌కి ఏ మర్యాద వాక్యంతో మొదలుపెట్టాలో అన్నీ ఆమె ఫ్లాపీల్లోనూ ఆమె తలలోనూ ఉండేవి. వాటన్నిటినీ సర్వర్‌లోకి ఎక్కించమన్నాను. పేరూ తేదీ మార్చుకుంటే చాలు, ఎవరి ఉత్తరం వాళ్లే తీసుకుంటారన్నాను. మధ్యాహ్నం తన డబ్బాలోంచి సగం అన్నం నాకు పెడుతూ, అక్క ఒక్కొక్కటే అందించింది. తలలో ఉన్నవి కూడా టైపు చేసి ఇచ్చింది.

“అన్నీ ఇందులో ఎట్టీసినాక నానేటి సెయ్యాల తమ్ముడూ?” అని అడిగిందో రోజు.

“హాయిగా కూర్చో అక్కా. పని తగ్గుతుంది,” అన్నాను.

“పని తగ్గితే సేఠ్‌జీకి నచ్చుతాదేటి?” అంది. నేను నోటి నిండా ఆమె వండిన వంకాయ కూరతో నవ్వాను. అదో జోకనుకున్నాను.

సర్వర్ నడిచింది. సేఠ్‌జీ కొబ్బరికాయ కొట్టి, దాని నెత్తిన కుంకుమ బొట్టు పెట్టాడు. (సగం కుంకుమ ఫ్యాన్‌లోకి పోయి, వారం రోజులు దాని గాలి ఎర్రగా వచ్చింది.) ఫ్లాపీల వరస మాయమైంది. అక్క గది నిశ్శబ్దమైపోయింది. ప్రింటర్ తనంతట తాను కాయితాలు కక్కుతుంటే అక్క వాటిని తీసి, అలవాటుకొద్దీ చదివి, నంబరు వేసి పక్కన పెట్టేది. నేను మాత్రం గదిగదికీ తిరిగి ‘ఎలా ఉంది, ఎలా ఉంది’ అని అడిగి పొగడ్తలు వసూలు చేసుకునేవాణ్ణి.

నెల తిరక్కుండానే ఓ ఉదయం సేఠ్‌జీ నన్ను తన గదిలోకి పిలిచాడు. బడే బాబు ఓ ఉత్తరం సర్వర్‌లో పెట్టాడట, ఇక్కడ తెరిస్తే హిందీకి బదులు అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయట. చిన్న విషయం. సేఠ్‌జీ కంప్యూటర్‌లో హిందీ ఫాంట్ లేదు. ఆయన ఎప్పుడూ హిందీ ఉత్తరం తానే తెరిచిన పాపాన పోలేదు, అన్నీ అక్క చేసేది. అలాంటిది, ఈ ఒక్కటి తానే ఎందుకు తెరవబోయాడో అని నాకు అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు. ఫాంట్ తెచ్చి ఎక్కించాను. ఉత్తరం మళ్లీ తెరిచాను. పిచ్చి అక్షరాలన్నీ ఒక్కసారిగా చక్కటి హిందీ అయ్యాయి. మొదటి వరసలో అక్క పేరు ఉంది. ఆఫీసులో కంప్యూటర్ వ్యవస్థ ఏర్పాటైనందువల్ల టైపిస్టు అవసరం లేదని, వచ్చే నెల నుంచి రానక్కర్లేదని, ఇన్నాళ్ల సేవకు ధన్యవాదాలని ఉంది. ఆ ధన్యవాదాల వాక్యం అక్క నమూనాలోదే. దాన్ని ఫోల్డర్‌లో పెట్టింది నేను.

“ఇప్పుడు ప్రింటు ఇచ్చేయ్,” అన్నాడు సేఠ్‌జీ, ఫోన్‌లో నంబరు నొక్కుకుంటూ. ఆ ప్రింటు ఎవరి బల్ల పక్కన వచ్చి పడుతుందో ఆయనకు తట్టలేదు. ఇన్నేళ్లుగా అక్క ఆ మూల ఉన్నదన్నది ఆయనకి గోడ ఉన్నంత మామూలు విషయం. నాకు తట్టింది. ‘సార్, అది ఆమె చేతుల్లోనే పడుతుంది, ముందు మీరే పిలిచి ఓ మాట చెప్పండి’ అనొచ్చు. ఫాంట్ ఇంకా సరిగా రాలేదని ఓ రోజు వాయిదా వేయొచ్చు. ఆ ఆఫీసులో నా అబద్ధాన్ని పట్టుకోగలవాడు లేడు. కానీ నన్ను పక్కా చేసే కాయితం మీద కూడా ఈయనే సంతకం పెట్టాలి. నేను బటన్ నొక్కాను. నొక్కి, “హో గయా సార్,” అయిపోయిందని కూడా అన్నాను. సిగ్గు వేసింది. సిగ్గు వేసినా చెయ్యి ఆగలేదు, అదే ఇప్పటికీ మింగుడుపడదు.

వరండాలో ఇరవై అడుగులు ఉంటాయి. పరుగెత్తితే కాయితం ముందు నేను తీసుకోగలిగేవాణ్ణి. నడిచాను. నేను వెళ్లేసరికి అక్క చదవడం అయిపోయింది. నన్ను చూసి కాయితం చాపింది. అప్పుడు నేను చేసిన పనిని మించిన పని నా జీవితంలో ఇంకోటి లేదు: ఏమీ తెలియనట్టు చదివి, కళ్లు పెద్దవి చేసి, “అయ్యో, ఇదేంటక్కా?” అన్నాను.

“నువ్వు గాబరా పడకు. నీ తప్పేటుంది ఇందులో,” అంది అక్క. “సేఠ్‌జీ మరజీ, ఆయనిష్టం. ఉండు, దీనికి నంబరెయ్యాల కదా, లేకపోతే దస్తఖత్ పెట్టడు.” జావక్ రిజిస్టర్ ముందుకు లాక్కుని, తర్వాతి నంబరు రాసి, ఎవరికి అన్నచోట తన పేరే రాసి, కాయితం మీద ముద్ర కొట్టింది. ముద్ర మసకగా పడితే ఇంకోసారి సరిగ్గా కొట్టింది. తర్వాత డబ్బా తెరిచి, “తినీసి పో,” అంది. నేను తిన్నాను కూడా.

నన్ను పక్కా చేశారు. అయితే ప్రింటర్‌లో కాయితాలు పెట్టేవాడు, నంబర్లు వేసేవాడు ఎవరో ఒకరు కావాలి కదా, నన్ను అక్క కుర్చీలోనే కూర్చోబెట్టారు. ఆరు నెలల హార్డ్‌వేర్ కోర్సు చేసిన మేధావి మూడేళ్లు ముద్రలు కొట్టాడు. (అవి కూడా మసకగానే పడేవి.) తర్వాత ఊళ్లోనే వేరే ఉద్యోగం దొరికి బయటపడ్డాను.

చాలా ఏళ్లకు టాటీబంధ్ కూడలిలో బస్సు కోసం నిలబడి ఉంటే అక్కే నన్ను గుర్తుపట్టింది. ఓ బడి ఆఫీసులో కొన్నాళ్లు చేసిందట, కళ్లు సహకరించక మానేసిందట. బావ లేడట. నా పొట్ట చూసి నవ్వింది. పక్కనున్న ఆవిడతో హిందీలో, “మా ఆఫీసులో కంప్యూటర్లన్నీ కలిపింది ఈ అబ్బాయే, నేనే పెట్టించాను,” అని గర్వంగా చెప్పింది. ఆ బటన్ సంగతి చెప్పాలని నోరు తెరిచాను. ఇంతలో బస్సు వచ్చింది. నిజం చెప్పాలంటే, బస్సు రాకపోయినా చెప్పేవాణ్ణి కాదు.

ఇప్పుడు జుట్టు నెరిశాక, ధైర్యం చేసి మొత్తం రాసేశాను. రాసి, ఎంత నిజాయితీపరుణ్ణయిపోయానో అని కాసేపు మురిసిపోయాను కూడా. నాకు హిందీలోనే బాగా రాయడం వచ్చు; తెలుగు అమ్మ పట్టుబట్టి నేర్పింది కాబట్టి ఏదో నెట్టుకొస్తాను. అక్కకి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. అది తెలిసే, దీన్ని తెలుగులో రాశాను.