ఎలీనమ్మ చదివిన క్షమాపణ

బోయిగూడలో రెండు గదుల రేకుల ఇంట్లో ఉండే ఎలీనమ్మను చర్చి సంఘంవాళ్ళు ప్రభువు బల్ల నుంచి ఆపేశారు. తెలియనివాళ్ళకు ఇదేదో చిన్న విషయంలా కనిపిస్తుంది. నెలలో మొదటి ఆదివారం పళ్ళెంలో వచ్చే రొట్టెముక్క, ఇంత చిన్న గిన్నెలో ద్రాక్షరసం, అంతే కదా అనిపిస్తుంది. కానీ పదహారో ఏట బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి అరవై ఒకటో ఏడు వచ్చేదాకా, కాన్పులప్పుడు తప్ప ఒక్క నెల కూడా ప్రభువు బల్ల తప్పని మనిషి ఆమె. అలాంటి మనిషిని అందరి ముందూ ఆపేశారు. ఆమె చేసిన నేరమల్లా ఒకటే. మంచం దిగలేని ఒక ముసలామెను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, బోనాల నాడు గుడికి తోసుకెళ్ళింది.

ఆ ముసలామె పేరు విమలమ్మ. ఎలీనమ్మకు గోడ పక్క ఇల్లే. ముప్పై ఏళ్ళ పొరుగు. ఎలీనమ్మ ఆస్పత్రిలో ఆయాగా పొద్దుటి డ్యూటీకి వెళ్ళిపోతే, ఆమె ఇద్దరు పిల్లలకూ జడలేసి, అన్నం తినిపించి బడికి పంపింది విమలమ్మే. ఆమెకు పిల్లల్లేరు. భర్త పోయి చాలా కాలమైంది. మూడేళ్ళ కింద బాత్‌రూంలో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ చేశారు గానీ మళ్ళీ నడవలేదు. తమ్ముడి కూతురు కల్పలత మారేడ్‌పల్లి నుంచి వచ్చి వండిపెట్టి పోతుంది. మంచి పిల్లే, కానీ పెద్దమనిషిని మంచం మీద నుంచి కదిలించడం దానికి చేతకాదు. చెయ్యి వేస్తే చాలు విమలమ్మ కేక పెడుతుంది.

ఎలీనమ్మ చెయ్యి వేస్తే మాత్రం పెట్టదు. తుంటి విరిగినవాళ్ళను ఎత్తడం ఒక విద్య. దుప్పటి మడిచి నడుం కిందికి పోనిచ్చి, మోకాలు మంచానికి ఆనించి, రోగి ఊపిరి వదిలే సమయం చూసుకుని ఎత్తాలి. ఊపిరి పీల్చేటప్పుడు ఎత్తితే ఒళ్ళు బిగుసుకుని ప్రాణం పోయినంత నొప్పి. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఎలీనమ్మ నేర్చుకున్నది ఇదే. ఉద్యోగం మానేశాక కూడా రోజూ పొద్దున్నే గోడ పక్కకు వెళ్ళి విమలమ్మకు స్నానం చేయించి, చీర కట్టి వస్తుంది.

విమలమ్మ పడిపోయిన ఏడాదే ఒక మాట అడిగింది. "బిడ్డా, యాభై ఏండ్లు బోనమెత్తిన. ఇప్పుడు ఎత్తుతనంటలేను. కల్పలత ఎత్తుతది. నన్ను జెర అమ్మ ముంగటికి తీస్కపోయి తీస్కరా, చాలు."

"ఆదివారం డ్యూటీ పడ్డది పెద్దమ్మా" అంది ఎలీనమ్మ. డ్యూటీ లేదు. ఆ ఆదివారం ఆమె తెల్లచీర కట్టుకుని సంఘానికి వెళ్ళింది. మరుసటి ఏడు విమలమ్మ మళ్ళీ అడిగింది. "నడుం పట్టేసింది పెద్దమ్మా" అంది. నడుం బంగారంలా ఉంది. పట్టేసింది భయం. బోనాలు ఆదివారమే, ఆరాధనా ఆదివారమే. ఆరాధన ఎగ్గొట్టి గుడి దగ్గర కనిపించిందంటే సంఘంలో ఎవరెవరు ఏమంటారో ఆమెకు తెలుసు.

ఇక్కడ ఆ సంఘం గురించి ఒక మాట చెప్పుకోవాలి. అక్కడ దేవుడు చాలామందితో చాలా విషయాలు మాట్లాడతాడు. సాక్ష్యాల వేళ చూడాలి. ఒకరికి ఫ్రిజ్ కొనమని చెప్పాడు. ఇంకొకరికి అల్లుణ్ణి చూపించాడు. సంఘ పెద్ద తాతారావుకైతే ఊరి చివర స్థలం కొనమని స్వయంగా బయలుపరిచాడట. అక్కడ ఇల్లు కట్టినప్పుడు వంటగది ఆగ్నేయంలోనూ బోరు ఈశాన్యంలోనూ ఎందుకు వచ్చాయని ఎవరో అడిగితే, "గాలీ వెలుతురూ కోసమండీ" అన్నాడు. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదని ఊరికే అనలేదు పెద్దలు.

ఎలీనమ్మకు కలలు రావు, దర్శనాలు రావు. సాక్ష్యం చెప్పమంటే లేచి "ప్రభువుకు స్తోత్రం, అందరం బాగున్నం" అని కూర్చుంటుంది. తెల్లారగట్ల నల్లా నీళ్ళు వచ్చేలోపు వంటగదిలో పొయ్యి పక్కన మోకరించి, తెలిసినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చెప్పి ప్రార్థన చేస్తుంది. అంతే ఆమె భక్తి. రెండేళ్ళుగా ఆ పేర్లలో విమలమ్మ పేరు దగ్గరికి వచ్చేసరికి ప్రార్థన ఆగిపోయేది. పెద్దమ్మను చల్లగా చూడు తండ్రీ అంటే, నిన్ను అడిగింది కదా, తీసుకుపో అన్న మాట లోపల తగిలేది. వాళ్ళేమంటారు ప్రభువా అని వాదించేది. మర్నాడు మళ్ళీ అదే మాట తగిలేది. ఇది నా మనసా, ఆయన మాటా అని ఆమె చాలా రోజులు తూచి చూసుకుంది. తన మనసైతే హాయిగా ఇంట్లో కూర్చోమనేది, అది ఆమెకు బాగా తెలుసు. కనుక ఇది తన మనసు కాదు.

మూడో ఏడు విమలమ్మ అడగలేదు. అడగడం మానేసిందని తెలిసిన రోజు ఎలీనమ్మ పళ్ళెంలో అన్నం వదిలేసింది. గోడ పక్కకు వెళ్ళి, "పెద్దమ్మా, ఈ ఆదివారం తయారుండు" అంది.

ఆ ఆదివారం కల్పలత బోనం నెత్తిన పెట్టుకుని ముందు నడిస్తే, వెనక ఎలీనమ్మ కుర్చీ తోసింది. డప్పులు, జనం, వేపకొమ్మలు, బారికేడ్లు. పోలీసాయన ముసలామెను చూసి పక్కదారిన వదిలాడు. మెట్ల దగ్గర కుర్చీ ఆగిపోతే, ఎలీనమ్మ దుప్పటి చుట్టి, విమలమ్మ ఊపిరి వదిలే సమయం చూసి ఎత్తుకుంది. మోసుకెళ్ళి అమ్మవారికి ఎదురుగా దించి, తాను పక్కకు తప్పుకుంది. చేతులు జోడించలేదు, తీర్థం పుచ్చుకోలేదు. ఆమె దేవుడు ఆమెకున్నాడు. ఆయన పంపితేనే కదా వచ్చింది. విమలమ్మ మాత్రం వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే, వేలితో పళ్ళెంలో కుంకుమ తీసి, తనను మళ్ళీ ఎత్తుకోవడానికి వంగిన ఎలీనమ్మ నుదుట పెట్టింది.

ఎలీనమ్మ పుట్టి బుద్ధెరిగాక బొట్టు పెట్టుకోలేదు. చెయ్యి పైకి లేచింది కూడా. కానీ ఆ ముసలి ముఖంలో సంతోషం చూసి, తుడవలేక చెయ్యి దించేసింది. ఇంటికొచ్చి, విమలమ్మను పడుకోబెట్టి, తలుపు వేసుకున్నాక అప్పుడు కడుక్కుంది.

ఎవరు తీశారో గానీ ఆ బొట్టుతో ఫొటో సాయంత్రానికల్లా సంఘం వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. మెట్లు కనబడలేదు, కుర్చీ కనబడలేదు, చేతుల్లో ఉన్న మనిషి సగమే కనబడింది. బొట్టు మాత్రం ఎర్రగా, పెద్దగా కనబడింది. విషయమేమిటని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, వీధి దాటి వచ్చి అడిగింది లేదు. గోడల మీద ప్రేమ గురించి రంగురంగుల వాక్యాలు రాయించుకున్న సంఘం అది.

ఆగస్టు మొదటి శనివారం కమిటీ పిలిచింది. కొత్తగా వచ్చిన పాస్టరు యేసురాజు తలవంచుకుని కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్ళవాడు, సౌమ్యుడు, పెద్దల మాట జవదాటనివాడు. మాట్లాడింది తాతారావు.

"సిస్టర్, మిమ్మల్ని చూసి పిల్లలు ఏం నేర్చుకుంటారు చెప్పండి? రేపు ఆరాధనలో అందరి ముందూ క్షమాపణ చదవండి. చదివితే రేపే బల్ల తీసుకోవచ్చు. లేదంటే మీ స్థలంలో మీరు కూర్చోవచ్చు, పళ్ళెం మాత్రం మీకు ఇవ్వం."

"దేవుడు తీస్కపొమ్మన్నడు, తీస్కపోయిన" అంది ఎలీనమ్మ.

"దేవుడు గుడికి పొమ్మంటాడా?" అని తాతారావు నవ్వాడు. కమిటీలో మరో ఇద్దరు నవ్వారు. వంటగది ఏ మూల ఉండాలో చెప్పే తీరిక ఉన్న దేవుడికి, మంచాన పడ్డ మనిషి గురించి చెప్పే తీరిక ఉండదని వాళ్ళ నమ్మకం కాబోలు.

ఇంటికి వస్తే ఆమె భర్త, పేరు చిన్నబ్బాయి, మంచం మీద కూర్చుని ఉన్నాడు. రైల్వేలో కలాసీగా చేసి రిటైరైన మనిషి, గొడవలంటే గిట్టదు. "నాలుగు మాటలు రాసి చదివెయ్యవే. నీ మనసేంటో ఆయనకు తెలుసు గదా. రేపు మనం పోతే ఆ సంఘం సమాధుల స్థలంలోనేగా పెట్టాలి" అన్నాడు.

ఆ మాట ఆమెను నిజంగా భయపెట్టింది. బల్ల లేకుండా చనిపోవడం ఆమె ఎన్నడూ అనుకోనిది. తెల్లారగట్ల పొయ్యి పక్కన మోకరించి, చదవమంటావా ప్రభువా అని అడిగింది. నల్లా వచ్చేదాకా లేవలేదు. తర్వాత మనవడి నోటుబుక్కులో కాగితం చింపి, నిలబడే రాసింది.

ఆరాధనలో తెల్లగుడ్డ కప్పిన బల్ల ముందు ఆమెను నిలబెట్టారు. మైకు ఇచ్చారు. ఆమె కాగితం విప్పి చదివింది.

"నేను ఎలీనా. నా పక్కింటి విమలమ్మ నా పిల్లల్ని పెంచింది. ఆమె నన్ను ఒక్క కోరిక అడిగింది. మొదటేడు డ్యూటీ ఉందని అబద్ధం చెప్పిన. రెండో ఏడు నడుం నొస్తుందని అబద్ధం చెప్పిన. ప్రభువు పొమ్మన్నా పోలేదు, మీకు భయపడి పోలేదు. రెండేండ్లు ఆయన మాట వినలేదు. ఆ రెండేండ్లు ఆమె గోడకేసి చూసుకుంట పండుకున్నది. అందుకు నన్ను క్షమించమని దేవుణ్ణి, మిమ్మల్ని అడుగుతున్న."

కాగితం మడిచింది. తాతారావు ముఖం కందగడ్డలా అయింది. "ఇది క్షమాపణ కాదు. తీసుకెళ్ళినందుకు చెప్పమన్నాం."

"నేను చేసిన తప్పు గిదే సార్. చెయ్యని తప్పుకు మాఫీ అడిగితే అది మూడో అబద్ధమైతది. అబద్ధం చెప్పి బల్ల తీస్కోమంటరా?"

స్త్రీల వరసల్లో ఒకరిద్దరు ముక్కు తుడుచుకున్నారు. అంతకు మించి ఎవరికీ నోరు పెగల్లేదు. నోరు పెగిలి ఉంటే ఈ కథ ఇక్కడే ముగిసేది. ఎలీనమ్మ వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. పళ్ళెం పట్టుకుని యేసురాజే ఆ వరసలోకి వచ్చాడు. ఎలీనమ్మ ముందు ఒక క్షణం ఆగాడు. ఆమె చేతులు అలవాటుగా ముందుకు చాచింది. అతను తాతారావు వైపు చూసి, పళ్ళెం పక్కామెకు ఇచ్చాడు. పక్కామె తీసుకుంది, తిన్నది.

ఎలీనమ్మ సంఘం మారలేదు. బన్సీలాల్‌పేట్‌లో ఇంకో సంఘంవాళ్ళు రమ్మన్నారు, పోలేదు. ప్రతి ఆదివారం అదే కుర్చీలో కూర్చుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం చేతులు చాచింది. ప్రతిసారీ పళ్ళెం పక్కకు పోయింది. సెప్టెంబరు, అక్టోబరు, క్రిస్మస్ నెల, ఈస్టర్ నెల. ఒక ఆడమనిషిని ఇంత ఓపికగా, ఇంత క్రమశిక్షణతో అవమానించవచ్చని ఆ సంఘం చేసి చూపించింది.

జూన్ ఆఖరులో ఒక పొద్దున యేసురాజు ఇంటికి వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. చిన్నబ్బాయి కుర్చీ వేశాడు. ఎలీనమ్మ చాయ్ ఇచ్చి ఎదురుగా నిలబడింది.

"అమ్మా, నాకు మనసు బాగుండట్లేదు" అన్నాడతను. "అందరి ముందూ వద్దు. ఇక్కడ, నా ఒక్కడితో ఒక్క మాట అనండి, పొరపాటైంది అని. నేను కమిటీకి చెప్పుకుంటాను. వచ్చే ఆదివారం బల్ల ఇస్తాను. మళ్ళీ బోనాలు వస్తున్నాయి, ఈసారి మాత్రం వెళ్ళకండి."

"పోత అయ్యగారూ" అంది ఎలీనమ్మ. "పెద్దమ్మ బతికుంటే పోత. నేనొకటి అడుగుత, కోపం చేసుకోకుండ్రి. పదకొండు సార్లు పళ్ళెం నా ముంగట్నుంచి తీస్కపోయిన్రు. ఎలీనాకు ఇయ్యాల్నా వద్దా అని ఒక్కసారన్న మోకాళ్ళ మీద పడి ప్రభువును అడిగిన్రా?"

యేసురాజు అప్పట్లో కమిటీని అడిగాడు. తాతారావును రెండుసార్లు అడిగాడు. ఫోన్ చేసి సీనియర్ పాస్టర్లను అడిగాడు. నియమావళి తీసి చూశాడు. చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"అడగలేదమ్మా" అన్నాడు.

"అడుగుండ్రి" అంది ఎలీనమ్మ. పక్కింట్లో విమలమ్మ స్నానం వేళయింది. ఆమె కొంగు నడుముకు దోపుకుని బయటికి నడిచింది.