రమీరోగారు ఆపని బంతి

మూడేళ్ల క్రితం అరిజోనాలోని చాండ్లర్‌లో, ఆదివారాలు పొద్దున్నే పార్కులో మిత్రులతో ఫుట్‌బాల్ ఆడేవాణ్ణి. ఒకప్పుడు హోండురాస్‌లో పేరున్న గోల్‌కీపర్ రమీరోగారు, రిటైరయ్యాక మాతో సరదాగా ఆడేవారు.

ఒకరోజు నేను బలంగా తన్నిన బంతి ఆయన ఛాతీకి తగిలి గోల్‌లోకి పోయింది. ఆయన కుప్పకూలిపోయారు. ఊపిరి ఆడలేదు. మా శ్రీను ఆయన గుండె మీద అదుముతూ, "చూస్తావేంట్రా, 911కి కాల్ చెయ్!" అని అరిచాడు. జేబులోంచి ఫోన్ తీశాను గానీ నా వేళ్లు కదల్లేదు. పక్కనెవరో చేశారు.

మర్నాడు ఆస్పత్రిలో ఆయన నన్ను చూసి, "బంతి లోపలికెళ్లిందా?" అనడిగారు.

"లేదండీ, మీరు ఆపేశారు," అన్నాను. ఆయన తృప్తిగా నవ్వారు.

నాకు మాత్రం సంతోషం గానీ ఏడుపు గానీ రాలేదు. భయమంటే వణుకనుకునేవాణ్ణి. ఇలా మొద్దుబారిపోవడం కూడా భయమేనని అప్పుడే తెలిసింది.