ఏడడుగుల కుర్రాడి విషయంలో అధ్యక్షుల వారి తీర్మానం

నిన్న మధ్యాహ్నం హర్షిత ఫోన్ చేసి, "అంకుల్, పోయాడు," అంది.

"ఏ టీమ్‌కమ్మా?" అని అడిగాను.



"నో అంకుల్. నాన్న. మై డాడ్," అంది.

టూవూంబా తెలుగు మిత్రులందరికీ తీవ్ర విచారంతో తెలియజేస్తున్నాను. ఈ ఊరి ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా మనలో చాలామందికి తెలిసిన కామేశ్వరరావు గారు నిన్న ఉదయం గుండెపోటుతో ఇంట్లోనే కన్నుమూశారు.

నేను వేసిన ప్రశ్నకు సంజాయిషీ ఇవ్వవలసి ఉంది.

హర్షిత ఇక్కడే, ఆస్ట్రేలియాలోనే పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది. ఆ పిల్ల నోట పలికే కొద్ది తెలుగు మాటల్లో "పోయాడు" ఒకటి. వాళ్ళ నాన్నా నేనూ ఫోన్‌లో మాట్లాడుకుంటుంటే విని నేర్చుకుంది. మా ఇద్దరి వాడుకలో ఆ మాటకు ఒకటే అర్థం: ఆటగాడు జట్టు మారాడని.

తండ్రి గురించి చెప్పేటప్పుడు "పోయారు" అనాలని ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. ఆ అవసరం ఇంత తొందరగా వస్తుందని ఎవరూ అనుకోలేదు.

డాక్టరు గారు వయసులో ఉండగా అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో కొంతకాలం ట్రైనింగ్‌లో ఉన్నారు. ఆ ఊరి కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టును అప్పటినుంచీ వదల్లేదు. ప్రతిఫలంగా ఆ జట్టు ఆయనకు చెప్పుకోదగ్గ సుఖం ఏదీ ఇవ్వలేదు.

సదరు జట్టుకు టూవూంబాలో అభిమాన సంఘం ఉంది. అధ్యక్షులు ఆయన. కార్యదర్శిని నేను. సభ్యులు లేరు.

సీజన్‌లో మ్యాచ్‌లు ఎవరైనా చూస్తారని, అభిమాని అసలు పని ఆఫ్-సీజన్‌లోనే మొదలవుతుందని అధ్యక్షుల వారి నిశ్చితాభిప్రాయం. మార్చిలో జట్టు ఓడిపోయి ఇళ్ళకు చేరాక, ఎవడు ఉంటాడు, ఎవడు వేరే కాలేజీకి వెళతాడు అన్నది తేలేదాకా ఆయనకు ఒకచోట కాలు నిలిచేది కాదు.

ఆపరేషన్ థియేటర్‌లో ఆయన ఈ జట్టు కబుర్లు మొదలుపెడితే పేషెంట్లకు సగం మందే సరిపోయేదని నర్సులు అనేవారు. నేను ధ్రువీకరించలేను.

ఈ ఏడాది సమస్య ఒక్కడే. సెంటర్‌లో ఆడే ఏడడుగుల కుర్రాడు. వాడు ఉంటే జట్టు ఉన్నట్టు. లేకపోతే లేనట్టు.

వాడు కొన్ని వారాల కిందట ఇన్‌స్టాలో ఒక సూట్‌కేస్ ఫొటో పెట్టాడు. కింద ఒక్క మాట కూడా రాయలేదు.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. వేదిక: సూపర్‌మార్కెట్ కార్ పార్క్, డాక్టరు గారి కారు. బయట వాన. వెనక సీట్లో వారి శ్రీమతి విజయ గారు సామాన్ల సంచులతో పరిశీలకురాలి హోదాలో ఉన్నారు.

"సూట్‌కేస్ అంటే వెకేషన్ కూడా అవ్వచ్చు కదయ్యా," అన్నారు అధ్యక్షులు.

"కోచ్‌ని అన్‌ఫాలో చేశాడు డాక్టరు గారూ," అని సభ దృష్టికి తెచ్చాను.

"మన పిల్ల యూనివర్సిటీ మారతానని మెసేజ్ పెడితే ఒక థంబ్ బొమ్మ పెట్టి ఊరుకున్నారు," అన్నారు విజయ గారు వెనకనుంచి. "వీడికోసం సంచిలో ఐస్‌క్రీమ్ కరిగిస్తున్నారు."

"దానికి మనం ఉన్నాంగా. వీడికెవరున్నారే పాపం?"

ఆ మాట ఆయన చాలా సీరియస్‌గా అన్నారు.

మొన్న శనివారం పిక్నిక్ పాయింట్ పార్కు దగ్గర మళ్ళీ కలిశాం. కాఫీ తాగుతూ ఫోన్ నా ముక్కు ముందు పెట్టారు.

"కుక్కపిల్లని తెచ్చుకున్నాడు చూడు. ఊరు మారేవాడు ఇప్పుడు కుక్కపిల్లని ఎందుకు తెచ్చుకుంటాడయ్యా? ఉంటాడు."

"కుక్కలు కూడా విమానం ఎక్కుతాయండీ. వెళతాడు."

ఓటింగ్ జరిగింది. అనుకూలం ఒకటి, వ్యతిరేకం ఒకటి. అధ్యక్షుల హోదాలో ఆయన రెండో ఓటు కూడా వేసుకుని, కుర్రాడు ఉంటాడని తీర్మానం నెగ్గించుకున్నారు. నా అసమ్మతి నమోదైంది.

"తేలనీ, అప్పుడు చెప్తా నీ పని," అంటూ కారెక్కారు. నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే.

నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. హాలు నిండా మనవాళ్ళే. డైనింగ్ టేబుల్ మీద ఆయన ఫోన్ ఉండి ఉండి వెలుగుతోంది. మన మెసేజ్‌లు కొన్ని. మిగతావన్నీ జట్టు గురించి ఆయన పెట్టుకున్న అలర్ట్‌లు.

"ఇట్ వోంట్ స్టాప్, అంకుల్. షుడ్ ఐ టర్న్ ఇట్ ఆఫ్?" అని అడిగింది హర్షిత.

నేను నోరు తెరిచేలోగా విజయ గారు అన్నారు. "ఉండనీవే. ఆ పొడుగాడి సంగతి తేలనీ."

ఆ తర్వాత నావైపు తిరిగారు.

"ఉంటాడాండీ వాడు?"

నా దగ్గరున్న ఆధారాలేవీ మారలేదు. సూట్‌కేస్ అలాగే ఉంది. కోచ్‌ని తిరిగి ఫాలో కాలేదు.

"ఉంటాడమ్మా," అన్నాను.

ఆవిడ తల ఊపి, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇవ్వమని హర్షితకు చెప్పారు.

కాబట్టి శనివారం నాటి సమావేశంలో నేను తెలిపిన అసమ్మతిని ఇందుమూలంగా ఉపసంహరించుకుంటున్నాను. తీర్మానం ఏకగ్రీవమైనట్టు మిత్రులందరూ గమనించ ప్రార్థన.

ఈ పోస్ట్ రాసే సమయానికి ఆ కుర్రాడు నోరు విప్పలేదు. టీ పెట్టుకున్నాను, చల్లారిపోయింది. ఇంకోటి పెట్టుకున్నాను, అదీ చల్లారింది. రెండు వాక్యాలు రాయడం, లేచి కిటికీ దాకా వెళ్ళడం, మళ్ళీ వాడి పేజీ తెరవడం. ఇదే పని.

ఉండరా బాబూ. ఈ ఒక్క ఏడాదికి ఉండు.

డాక్టరు గారూ, సెలవు. మీ మనసుకు శాంతి కలగాలి. ఆందోళన పడే బాధ్యత ఇకనుంచి పూర్తిగా కార్యదర్శిది.