ముప్పై ఆరో సైకిల్

2020 ఆగస్టులో నన్ను నంద్యాలలోని కొవిడ్ పరీక్షల ల్యాబ్‌కు డెప్యుటేషన్ మీద వేశారు. అప్పటికి నేను గ్రేడ్-1 ల్యాబ్ టెక్నీషియన్‌ని, రిటైర్మెంటుకు రెండేళ్లుంది. కళ్లె పరీక్షలు చేసి చేసి మైక్రోస్కోపు మీద వంగిన మెడ నాది. ఆళ్లగడ్డ నుంచి శాంపిళ్లు పంపే షమీమ్ కాంట్రాక్టు ఉద్యోగి, సర్వీసు రెండేళ్లు.

ఆమె పంపే ఐస్ పెట్టెలో ఒక్క ట్యూబూ కారేది కాదు. ప్రతి ఫారంలో జ్వరం ఏ రోజు మొదలైందో గుండ్రటి అక్షరాలతో రాసి ఉండేది. మిగతా చోట్ల నుంచి ఆ గడి ఖాళీగా వచ్చేది. మా ల్యాబ్ అధికారి, మైక్రోబయాలజిస్ట్ మేడమ్, ఒకరోజు అందరి ముందూ ఆ ఫారం ఎత్తి చూపి, దీన్ని చూసి నేర్చుకోమన్నారు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని నవ్వుతూ అన్నాను గానీ, కడుపు మండిపోయింది. ముప్పై ఏళ్లలో నా రాతను ఎవరూ అలా ఎత్తి చూపలేదు.

సెప్టెంబరులో ఓబులేసు పేరు పదే పదే రావడం మొదలైంది. ఆళ్లగడ్డలో రాతి పని చేసే మనిషి; రెండు కిడ్నీలూ పాడై, వారానికి రెండుసార్లు నంద్యాలలో డయాలసిస్ చేయించుకునేవాడు. కొవిడ్ తగ్గి లేచి తిరుగుతున్నా పరీక్షలో పాజిటివ్ వస్తూనే ఉంది. నెగెటివ్ కాగితం లేనిదే డయాలసిస్ కేంద్రం రానివ్వదు. పాజిటివ్ వాళ్లకు వేరే మిషను కర్నూలులోనే ఉంది. అందుకని ఆయన అంబులెన్సులో నంద్యాల మీదుగానే కర్నూలు పోయి వచ్చేవాడు.

ఇక్కడ పరీక్ష గురించి కొంచెం చెప్పాలి. ఆర్‌టీ-పీసీఆర్ మిషను వైరస్ జన్యుపదార్థాన్ని ఒక్కో సైకిల్‌కు రెట్టింపు చేస్తూ పోతుంది. శాంపిల్‌లో వైరస్ ఎక్కువుంటే గ్రాఫులో గీత తొందరగా లేస్తుంది, తక్కువుంటే ఆలస్యంగా. చచ్చిన వైరస్ ముక్కలకు కూడా లేస్తుంది. ఓబులేసు మొదటి శాంపిల్ పంతొమ్మిదో సైకిల్‌లో లేచింది. మూడోది ముప్పై ఆరులో. జబ్బు మొదలై అప్పటికి నెల కావస్తోంది. ఆయన నుంచి ఇంకొకరికి అంటుకునే అవకాశం తక్కువని నాకు అర్థమైంది.

షమీమ్ ఫోన్ చేసింది. “పాజిటివ్ అని రాస్తాండావ్, సరే అన్నా. యా సైకిల్‌లో లేసిందో సెప్పు, కిడ్నీ డాక్టరుతో మాట్లాడతా. ఆయప్ప పోయి రాలేక సస్తాండాడు.”

సైకిల్ సంఖ్య రిపోర్టులో వేయకూడదన్నది రూలని చెప్పాను.

“ఆ రూలు నేనూ సదివినా. రిపోర్టులో రాయొద్దన్నారు. డాక్టరుకు సెప్పొద్దని యాడుందన్నా?”

ఎక్కడా లేదు. పని ఉందని ఫోన్ పెట్టేశాను. ఇది కూడా ఆమెకే తట్టిందని తెలిస్తే మేడమ్ ఇంకోసారి అందరి ముందూ మెచ్చుకుంటారన్నదే నా బాధ. ఆ వారం ఓబులేసు మరో రెండుసార్లు కర్నూలు పోయాడు. రెండోసారి దారిలో ఆయాసం ఎక్కువై ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చిందని శాంపిళ్లు తెచ్చే డ్రైవరు చెప్పాడు.

మరునాడు గ్రాఫులన్నీ వరుసగా పెట్టి, షమీమ్ రాసిన జ్వరం తేదీని పక్కన వేసి, నేనే మేడమ్ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె కిడ్నీ డాక్టరుతో మాట్లాడారు. ఆయన రోగిని పరీక్షించి, నంద్యాలలోనే చివరి షిఫ్టులో విడిగా మంచం ఇచ్చారు. “అనుభవమంటే ఇదీ” అని మేడమ్ అందరి ముందూ అన్నారు. ముందు అడిగింది షమీమ్ అని చెప్పడానికి అదే సమయం. నేను చెప్పలేదు.

నాలుగు రోజుల తర్వాత షమీమ్ ఫోన్ చేసింది. “ఆయప్ప నంద్యాలలోనే సేయించుకున్యాడన్నా. నువ్వే మేడమ్‌కు సెప్పినావంట. మంచి పని సేసినావ్.” ఆ మాటలో ఎత్తిపొడుపేమైనా ఉందేమోనని వెతికాను. లేదు. నా అసూయ ఆ పూట తగ్గలేదు, ఇంకా పెరిగింది.

ఆ ఉదంతం నేర్పింది ఇది. పాజిటివ్ అంటే వైరస్ జాడ దొరికిందని మాత్రమే. రోగి ఇంకా అంటిస్తాడా అన్నది జబ్బు మొదలైన రోజు, లక్షణాలు, గీత కలిపి చూసి డాక్టరు తేల్చాలి. అందులో గీత నా చేతిలో ఉంది. దాన్ని వారం రోజులు దాచడానికి నేను ఏ తప్పూ చేయనక్కర్లేకపోయింది. ఒక రూలు చాలింది.